సిగరెట్టు మానేశాక వచ్చే దిగులు గురించి

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోనులో అన్న మాటలు మీ అమ్మకు చెప్పలేదు. "మానేసినప్పటి నుంచి ఏదీ రుచించడం లేదు, ఊరికే ఏడుపు వస్తోంది, తాగుతూ ఉంటేనే బాగుండేదేమో" అన్నావు. నాకు అప్పటికప్పుడు మాట తోచదు, అందుకే రాస్తున్నాను. పొగాకు అమ్మి చదివించినవాడే పొగ మానమని చెబుతున్నాడని నవ్వుకున్నా సరే, మొత్తం చదువు.

మంచుకు తడిసిన ఆకు కోసిన రోజుల్లో మన కూలీలకు తల తిరిగి వాంతులయ్యేవి, గుర్తుందా? వాళ్లు పొగ పీల్చలేదు. చేతుల చర్మంలోంచి ఒంట్లోకి దిగిన నికోటిన్ చేసిన పని అది. నువ్వు దాన్ని ఇన్నేళ్లుగా ఊపిరితిత్తుల దారిలో, క్షణాల్లో మెదడుకు పంపావు. పంపినప్పుడల్లా అక్కడ డోపమైన్ అనే రసాయనం విడుదలై హాయిగా అనిపించేది. ఆ రాక ఆగిపోయేసరికి మెదడు కొన్నాళ్లు కుదురుగా ఉండదు. చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, ఆకలి పెరగడం అందుకే. మొదటి వారం గట్టిగా ఉంటుంది, చాలామందికి 2 నుంచి 4 వారాల్లో సర్దుకుంటుంది.

"సిగరెట్టే నన్ను ప్రశాంతంగా ఉంచేది" అన్నావే, అది మాత్రం ఒప్పుకోను. నికోటిన్ తగ్గి పుట్టిన అశాంతినే తరువాతి సిగరెట్టు తీర్చేది. అప్పులో ముంచినవాడే వడ్డీ కట్టమని చేబదులిస్తే వాడిని దేవుడంటామా? మానేసి నిలబడ్డవాళ్లలో కొన్ని వారాల తరువాత ఆందోళన, దిగులు మునుపటికంటే తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఉద్యోగం కూడా మానేస్తానన్నావే, ఆ ఆలోచన అప్పటిదాకా పక్కన పెట్టు.

గుండె దడ అన్నావు కదా, నాకు నీ కాఫీ మీద అనుమానం. పొగ తాగేవాళ్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. మానేశాక ఆ వేగం పడిపోతుంది కాబట్టి అదే కాఫీకి ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. సగానికి తగ్గించు, మధ్యాహ్నం దాటితే అసలు ముట్టకు. ఆఫీసు మిషనులో ఊరికే వస్తుందని ఎన్ని తాగుతావో నాకు తెలియదనుకోకు.

తాగాలన్న కోరిక కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు లేచి నడువు. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. దాన్ని ఆపకుండా నమలకూడదు. ఘాటు తగలగానే చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచుకో, ఘాటు పోయాక మళ్లీ నములు. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా ఒంటికి పట్టదు. 1800-11-2356కు ఫోను చేస్తే మానడానికి సాయపడేవాళ్లు మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

రెండు వారాలు దాటినా రోజంతా ఇదే దిగులైతే డాక్టరు దగ్గరకు వెళ్లు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి తోచినా మాత్రం ఆగకు, వెంటనే నాకు ఫోను చెయ్యి, 14416కూ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సాయం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అర్ధరాత్రి అని మొహమాటపడకు, ఆకు కాల్చే రోజులు కాబట్టి, పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ మెలకువగానే ఉంటాను.

బస్సులో సంచి వేశాను. వేయించిన శనగలు నీకు, నోరు ఊరుకోనప్పుడు నమలడానికి. జంతికలు మాత్రం గదిలో అందరికీ పంచమంది మీ అమ్మ.

నాన్న