హారిస్ దీవి ఫోటోలు, ఉన్ని బట్ట పాటలు

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్ ఫోటోలకు అక్కడి జానపద పాటలు జోడించి చేసిన వీడియో పైన పెట్టాను. గ్లెన్‌కో కొండలు, స్కై దీవిలోని ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్ రాతి స్తంభం త్వరగానే వెళ్లిపోతాయి. అసలు చూడాల్సింది హారిస్ దీవి. లస్కెంటైర్ తీరంలోని తెల్ల ఇసుకను కావాలనే ఎక్కువసేపు ఉంచాను.

అక్కడ వినిపించేది గేలిక్ భాషలో ఆడవాళ్ల పాట. మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్టను తడిపి, బల్ల చుట్టూ కూర్చుని, బల్లకేసి కొడుతూ పక్కవాళ్లకి జరుపుతూ పాడేవాళ్లు. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు పల్లవి. మన నాట్ల పాటల్లాగే పని వేగమే తాళం. ఫోటో మారేది కూడా ఆ దెబ్బ మీదే, గమనించండి. యంత్రాలు వచ్చాక ఆ పని పోయింది. హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్టను మాత్రం హారిస్ ఉన్న ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోని నేతగాళ్లు ఇళ్లలోనే నేయాలని 1993 చట్టం చెబుతోంది.

పాటలు పాతవే అయినా రికార్డింగ్ హక్కులు వేరేవాళ్లవి. దయచేసి యూట్యూబ్‌లో, స్టేటస్‌లో పెట్టొద్దు. ఇయర్‌ఫోన్స్‌తో వినండి, చాలా బాగుంటుంది. ఒరిజినల్ సైజు ఫోటోలు కావాలంటే చెప్పండి, డాక్యుమెంట్‌గా పంపిస్తాను.