ఇంజన్ మీరే తెచ్చుకుంటామంటే: మా షెడ్డు కస్టమర్లకు ముందుగా చెప్పవలసిన విషయాలు

చెన్నై అంబత్తూరులోని మా షెడ్డుకు కార్లు తెచ్చేవారిలో ఈ మధ్య చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. పాత ఇంజన్‌కు పని చేయించే బదులు, పుదుపేటలోనో మరోచోటో సెకండ్ హ్యాండ్ ఇంజన్ తామే కొనుక్కొస్తే బిగించి ఇస్తారా అని. ఇస్తాము. అయితే ఇకపై ఆ పనిని ఏ వరుసలో చేపడతామో, దేనికి పూచీ పడతామో, దేనికి పడలేమో ముందే తెలియజేయడం ఇద్దరికీ మంచిదని ఇది రాస్తున్నాను. ఇంజన్ మా ద్వారా కొంటే మాకు కొంత మిగులుతుంది, మీరే తెచ్చుకుంటే మిగలదు. ఆ కారణంగా ఎవరినీ వద్దనను. నా బాధల్లా ఇంజన్ దించేసిన తరువాత ఏదో ఒక భాగం దొరకక కారు వారాల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉండటం గురించే. అందువల్ల ఆ కారు యజమానికీ నష్టమే, వెనక వేచి ఉన్నవారికీ నష్టమే.

అసలు ఇంజన్ మార్చడం అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. పొగ వస్తోందని, ఆయిల్ తింటోందని మా దగ్గరకు వచ్చే పాత పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి బ్లాక్‌ను (సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన భాగాన్ని) రీబోర్ చేయించి, అంటే సిలిండర్లను కాస్త పెద్దవిగా కోయించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరిపోతుంది. ఇంజన్ నంబరు బ్లాక్ మీదే చెక్కి ఉంటుంది కనుక, బ్లాక్ మారనంతవరకు ఆర్సీ జోలికి వెళ్లవలసిన పనే ఉండదు. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్‌కు రంధ్రం పెట్టినప్పుడు, లేదా బ్లాక్ పగిలినప్పుడు మాత్రం మార్చక తప్పదు.

మార్చాలనే తేలితే, స్పానర్ పట్టుకునే ముందు కాగితాలు సిద్ధం కావాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్సీలోని వివరాలు పొసగని విధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అందువల్ల అదే కంపెనీ, అదే రకం ఇంజన్‌ను, ఆర్టీవో అనుమతి పత్రం చూసిన తరువాతే బిగిస్తాము. చిన్న కారులో పెద్ద ఇంజన్, పెట్రోలు కారులో డీజిల్ ఇంజన్ వంటి పనులు ఎంత దగ్గరివారు అడిగినా చేయము. నెల్లూరు, చిత్తూరు రిజిస్ట్రేషన్‌తో ఇక్కడ తిరిగే కార్ల యజమానులు, అనుమతి ఏ కార్యాలయంలో తీసుకోవాలో ఇంజన్ కొనకముందే విచారించుకోవాలని నా మనవి.

అమ్మేవారు ఇచ్చే బిల్లు మీద ఇంజన్ నంబరు తప్పక ఉండాలి. ఆ ఇంజన్ ఏ కారులోదో, ఆ కారు రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో తెలిపే కాగితం కూడా అడగండి. మేము బ్లాక్ మీద నంబరు ఉన్న చోటును కిరోసిన్ గుడ్డతో తుడిచి టార్చి వెలుగులో చూస్తాము. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలున్నా, ఒక అంకె మిగతావాటి కంటే లోతుగా దిగినా, వరుస తప్పినా ఆ ఇంజన్‌ను షెడ్డులో ఉంచుకోము.

"అదే ఇంజన్" అన్న అమ్మకందారు మాటను అక్కడికక్కడే నమ్మవద్దు. ఫియట్ నుంచి వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి: స్విఫ్ట్‌లోనూ అదే, టాటా విస్టాలోనూ అదే, పుంటోలోనూ అదే. కానీ స్విఫ్ట్‌లో వచ్చిన 75 హార్స్‌పవర్ రకానికీ, ఎస్ఎక్స్4లో వచ్చిన 90 హార్స్‌పవర్ రకానికీ టర్బోలే వేరు. ఒక కంపెనీ కారు నుంచి మరో కంపెనీ కారుకు మారితే ఇంజన్ మౌంటింగులు, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా కలవవు. తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ మీ కారు ఈసీయూతోనే జతపడి ఉంటుంది కనుక, మీ పాత ఈసీయూతో నడిచే ఇంజన్‌నే వెతకాలి.

వీలైతే గేర్‌బాక్సు, సెల్ఫ్ మోటారుతో సహా కొనండి. ఇలాంటి చిన్న కార్లలో సెల్ఫ్ మోటారు గేర్‌బాక్సుకే బిగుస్తుంది. అది లేకుండా నేల మీద పడి ఉన్న ఇంజన్‌ను తిప్పి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో) చూడటం సాధ్యం కాదు. పెట్రోలు ఇంజన్ అయితే ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా చార్జ్ అయిన బ్యాటరీతో తిప్పుతాము. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే ఆ ఇంజన్ వద్దనే చెబుతాము. ఈ ఊళ్లో ఇది మరీ ముఖ్యం. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ ఎన్నో కార్లు మునిగాయి. ఇంజన్ నడుస్తుండగా నీళ్లు లోపలికి వెళితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది; పిస్టన్ పూర్తిగా పైకి రాక ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గుతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆల్టర్నేటర్ లోపల బురద, కనెక్టర్లలో పచ్చటి చిలుము, ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డు కనిపిస్తే బేరమే ఆడవద్దు.

ఇంజన్ బయట ఉన్నప్పుడే క్లచ్ సెట్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, వాటర్ పంపు, థర్మోస్టాట్, హోసులు కొత్తవి వేయాలి. వీటిని కూడా మీరే తెచ్చుకోవచ్చు, కానీ అన్నీ ఒకేసారి రావాలి. ఇవన్నీ షెడ్డుకు చేరి, మేము సరిచూసుకున్న తరువాతే మీ కారు ఇంజన్ దించుతాము.

మా బిగింపు వల్ల ఆయిల్ కారినా, శబ్దం వచ్చినా కూలీ తీసుకోకుండా మళ్లీ విప్పి సరిచేస్తాము. మీరు తెచ్చిన ఇంజన్ లోపల వచ్చే లోపానికి మాత్రం పూచీ ఇవ్వలేము. అందుకే ఇప్పటికే ఇంజన్ కొని ఉంచుకున్నవారు కారు తేకుండా ముందు ఇంజన్‌ను పంపండి. కంప్రెషన్ ఎంత వచ్చిందో సిలిండర్‌వారీగా కాగితం మీద రాసి ఇస్తాము. ఇంకా కొననివారు, పరీక్షలో తప్పితే తిరిగి తీసుకుంటామన్న మాటను, దాని గడువును అమ్మేవారి చేత బిల్లు మీదే రాయించుకోండి.