సొంతంగా విమానం కట్టుకునేవారి సంఘం: విద్యుత్ విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది విద్యుత్ విభాగం పనంతా వైరు చివరల మీదే నడిచింది. తనిఖీకి వచ్చిన విమానాల్లో రేడియోనో డిస్‌ప్లేనో మార్చాల్సి రావడం అరుదు. లూజు టెర్మినల్ (వైరు చివర తొడిగే లోహపు ముక్క), సరిగ్గా నొక్కని క్రింపు (ఆ ముక్క గొట్టాన్ని వైరు మీద నొక్కి చేసే జోడు), పెయింటు మీదే బిగించిన ఎర్తు లగ్గు (ఎర్తు వైరు చివరి రింగు) మాత్రం మళ్లీ మళ్లీ కనబడ్డాయి. అందుకే ఈ నివేదికలో ప్యానెల్ గురించి తక్కువ, దాని వెనకున్న వైర్ల గురించి ఎక్కువ రాస్తున్నాం.

వైర్లు, క్రింపింగ్: శిక్షణ తరగతులు

విమానంలో వాడాల్సింది ఎం 22759/16 రకం వైరు. సన్నని రాగి పోగులు, వాటికి తగరం పూత, పైన టెఫ్‌జెల్ అనే, వేడిని తట్టుకునే ప్లాస్టిక్ తొడుగు. 600 వోల్టులకు, 150 డిగ్రీల సెల్సియస్‌కు తట్టుకుంటుంది. ఇళ్లలో వాడే పీవీసీ వైరు కాలితే ఇరుకు కాక్‌పిట్‌లో ఊపిరాడనివ్వని పొగ వదులుతుంది. ఒకే కడ్డీలా ఉండే రాగి తీగ ఇంజను అదురుకు విరిగిపోతుంది. ఈ రెండూ విమానంలోకి రాకూడదు.

గేజి (వైరు మందం చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ వైరు లావు) ఎంచుకునేటప్పుడు చాలామంది వైరు ఎన్ని ఆంపియర్లు మోస్తుందన్నదే చూస్తున్నారు. పొడవును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 14 వోల్టుల వ్యవస్థలో ఎప్పుడూ నడిచే పరికరానికి దారిలో పోయే వోల్టేజీ 0.5 దాటకూడదు. రెక్క చివరన ఉన్న 100 వాట్ల హాలోజెన్ ల్యాండింగ్ లైటునే తీసుకోండి. అది 7 ఆంపియర్లు లాగుతుంది. వెళ్లే వైరు 5 మీటర్లు, తిరిగొచ్చేది 5 మీటర్లు. 18 గేజి వైరుకు మీటరుకు సుమారు 21 మిల్లీ ఓములు, అంటే దారిలోనే దాదాపు 1.5 వోల్టులు పోతాయి. 12 గేజి వేస్తే ఆ నష్టం 0.4 లోపే ఉంటుంది. అదే చోట 2 ఆంపియర్ల ఎల్‌ఈడీ లైటు పెట్టుకుంటే 18 గేజే సరిపోతుంది, బరువూ తగ్గుతుంది. ఫ్యూజు కాపాడేది వైరును, పరికరాన్ని కాదు. కాబట్టి దాని విలువ వైరును బట్టి ఉండాలి, దాని చోటు బస్‌బారు (పరికరాలకు కరెంటు పంచే లోహపు పట్టీ) పక్కనే ఉండాలి. బస్‌బారుకూ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు. అది ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.

టెర్మినల్ రంగులు అందరికీ తెలిసినవే: 22 నుంచి 16 గేజి వరకు ఎరుపు, 16, 14 గేజిలకు నీలం, 12, 10 గేజిలకు పసుపు. తొడుగు ఒలిచేటప్పుడు ఒక్క పోగు తెగినా ఆ ముక్క కత్తిరించి మళ్లీ ఒలవాలి. నొక్కాక రాగి కొస గొట్టం అవతల మిల్లీమీటరు మేర కనబడాలి. వెనకభాగం ఇన్సులేషన్‌ను కూడా పట్టుకోవాలి. అదురును భరించేది ఈ రెండో పట్టే, రాగి పట్టు కరెంటునూ లాగుడునూ చూసుకుంటుంది. పూర్తిగా నొక్కేదాకా వదలని రాచెట్ క్రింపరు తప్ప మామూలు పటకారు వాడొద్దు. ప్రతి కొత్త క్రింపరుతో ముందు చెత్త ముక్కల మీద నొక్కి లాగి చూడండి. 22 గేజి జోడు 15 పౌండ్ల లాగుడుకు, 18 గేజి జోడు 38 పౌండ్లకు ఊడకూడదు.

సోల్డరింగ్ తప్పా అని చాలామంది అడిగారు. తప్పు కాదు. కానీ కరిగిన సీసం పోగుల మధ్యకు పాకి, అది ఆగినచోట వైరు గట్టిపడుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. సోల్డర్ చేస్తే దాని వెనక రెండు సెంటీమీటర్ల వరకు హీట్ ష్రింక్ (వేడికి కుంచించుకుని బిగిసే) తొడుగు వేసి, దగ్గర్లోనే క్లాంపుతో కట్టాలి.

ఎర్తు

తనిఖీల్లో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. ప్లస్ వైరును లెక్కకట్టి వేస్తాం, ఎర్తును, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిని, మాత్రం దగ్గర్లో దొరికిన బోల్టుకు తగిలిస్తాం. ఏవియానిక్స్ (రేడియో, డిస్‌ప్లే లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు) ఎర్తులన్నీ ఫైర్‌వాల్ (ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య మంటను ఆపే గోడ) దగ్గర ఒకే ఎర్తు బ్లాకుకు రావాలి. బ్యాటరీ మైనస్ కూడా అక్కడికే, ఇంజను క్రాంక్‌కేసు (ఇంజను లోహపు ఒళ్లు) నుంచి అల్లిక పట్టీ (రాగి పోగులు అల్లిన పట్టీ) కూడా అక్కడికే. ఫైబర్ విమానంలో బాడీ కరెంటు మోయదు కాబట్టి అన్నిటికీ విడిగా రాగి తిరుగు వైరు తప్పదు.

ఇంజను పట్టీ తెగినా, ఒక బోల్టు కింద తుప్పు పట్టినా స్టార్టరు లాగే వందల ఆంపియర్లు ఊరికే ఆగవు. ఇంజను వేగాన్ని, ఇంధనం పాలును మార్చే థ్రాటిల్, మిక్స్చర్ కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటాయి. కేబులు వేడెక్కి లోపలి తొడుగు కరిగి బిగుసుకుపోతుంది. దీన్ని ముందే పట్టుకోవడం తేలిక: స్టార్టరు తిరుగుతున్నప్పుడు మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండోదాన్ని క్రాంక్‌కేసుకు ఆనించి చదవండి. ప్రొపెల్లరు దగ్గర ఎవరూ ఉండకూడదు, మీటరు వైర్లు దాని దారికి దూరంగా ఉండాలి. 200 ఆంపియర్ల దగ్గర ఒక్క మిల్లీ ఓము 0.2 వోల్టులు తినేస్తుంది. బ్యాటరీ తోకలో ఉంటే కేబులు పొడవు వల్ల అంకె కొంత ఎక్కువే వస్తుంది. అందుకే ఆ అంకెను లాగ్ పుస్తకంలో రాసుకుని ఏటా పోల్చండి. పెరిగితే ఏదో ఒక జాయింటు చెడుతోందని అర్థం.

హెడ్‌సెట్‌లో ఇంజను వేగంతో పాటు పెరిగే కూత చాలావరకు ఎర్తు సమస్యే. మైకు, హెడ్‌ఫోను జాక్‌లు లోహపు ప్యానెల్‌కు తగలకుండా ఫైబర్ వాషర్లు వేసి, వాటి తిరుగు వైరును ఇంటర్‌కమ్ దగ్గరకే తీసుకెళ్లండి. ఆడియో వైరు షీల్డును ఒక్క చివరే ఎర్తు చేయాలి.

కాంటాక్టర్లు, బ్యాటరీ, ఆల్టర్నేటరు

కాంటాక్టరు అంటే చిన్న స్విచ్చితో పెద్ద కరెంటును కలిపే, తెంపే రిలే. బ్యాటరీని కలిపే మాస్టరు కాంటాక్టరూ స్టార్టరు కాంటాక్టరూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. మొదటిది గంటల తరబడి పనిచేయగలదు, రెండోది కొన్ని సెకన్లకే. తారుమారైతే కాయిలు కాలిపోతుంది. రెండింటి కాయిళ్ల మీదా 1ఎన్4007 డయోడు ఉండాలి, గీత ఉన్న కొన ప్లస్ వైపు. అది లేకపోతే స్విచ్చి తీసిన ప్రతిసారీ కాయిలు వెనక్కి తన్నే వోల్టేజీకి స్విచ్చి కాంటాక్టుల్లో నిప్పురవ్వలు లేస్తాయి. తిప్పి పెడితే నేరుగా షార్టు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గురించి ఒక హెచ్చరిక. చార్జి మరీ అడుగంటితే తప్ప వోల్టేజీ 13.3 దగ్గరే నిలకడగా ఉంటుంది కాబట్టి వోల్టుమీటరు చూసి నమ్మలేం. లోపలి రక్షణ సర్క్యూటు ఉన్నట్టుండి బ్యాటరీని తెంపేస్తే ఆల్టర్నేటరు వోల్టేజీ ఎగిసి ఏవియానిక్స్‌ను కాల్చవచ్చు. 16 వోల్టులు దాటగానే ఫీల్డును (ఆల్టర్నేటరును పనిచేయించే కరెంటును) ఆపే ఓవర్‌వోల్టేజీ రక్షణ లేకుండా ఈ బ్యాటరీ బిగించొద్దు.

మాగ్నెటో (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పరికరం) పీ లీడు (దాన్ని ఎర్తు చేసి ఆపే వైరు) మిగతా వైర్లలాంటిది కాదు. తెగితే మాగ్నెటో ఆగదు, స్విచ్చి ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లరు ప్రాణం మీదకు తెస్తుంది. ఇంజను ఆపే ముందు ఐడిల్‌లో ఒక్క క్షణం స్విచ్చి ఆఫ్ చేసి, ఇంజను ఆగబోతోందని నిర్ధారించుకోండి.

వైర్ల దారి

ఇంధనపు గొట్టానికి వైరును ఎప్పుడూ కట్టకండి. పక్కపక్కనే వెళ్లాల్సి వస్తే వైరు పైన, గొట్టం కింద ఉండాలి. ఫైర్‌వాల్ రంధ్రంలో నైలాన్, రబ్బరు గ్రోమెట్లు (రంధ్రపు అంచుకు వేసే రింగులు) మంటకు నిలవవు, స్టీలు ఫిట్టింగే కావాలి. పులుపు వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. ఇంజను మౌంటు గొట్టాలకు ప్లాస్టిక్ టై నేరుగా బిగిస్తే దాని కింద చేరిన ఇసుక అదురుకు ఉక్కునే అరగదీస్తుంది. అక్కడ రబ్బరు తొడుగున్న క్లాంపు వేయండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

ఈ పద్ధతిని సంఘం ఈ ఏడాది అధికారికంగా స్వీకరించింది. ఫ్యూజులన్నీ తీయండి, పరికరాల కనెక్టర్లు విప్పి ఉంచండి. బస్‌కూ ఎర్తుకూ మధ్య ఓములు కొలవండి, సున్నా దగ్గరుంటే ఆగి షార్టు వెతకండి. తర్వాత 5 ఆంపియర్లకు పరిమితం చేసిన సప్లయితో ఒక్కో ఫ్యూజు పెడుతూ, ప్రతి కనెక్టరులో ప్లస్ పిన్నుకు వోల్టేజీ, ఎర్తు పిన్నుకు దారి ఉన్నాయో చూడండి. పక్క పిన్నులో రాకూడని కరెంటు రావడమే పరికరాలు కాలడానికి ముఖ్య కారణం. ఇదంతా అయ్యాకే పరికరాలు తగిలించండి. బ్యాటరీ మైనస్ బిగించేటప్పుడు చివర, విప్పేటప్పుడు మొదట.

వచ్చే ఏడాదికి

పనిముట్ల అరువు కొనసాగుతుంది. డీ-సబ్ (పరికరాల వెనకుండే, చాలా పిన్నులున్న కనెక్టరు) పిన్నుల క్రింపరు తీసుకునేవారు దాని నొక్కుడు సరిచూసే కొలత గేజిని కూడా తీసుకెళ్లి, వాడే ముందు సరిచూసుకోవాలి. బ్యాటరీ సామర్థ్య పరీక్ష ఇక వార్షిక తనిఖీలో భాగం: పూర్తిగా చార్జి చేసి, అత్యవసర పరికరాల లోడు పెట్టి, 11 వోల్టులకు దిగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలి. ఆల్టర్నేటరు చచ్చిపోతే మీరు దిగడానికి పట్టే సమయం కన్నా అది తక్కువైతే బ్యాటరీ మార్చాలి. తనిఖీకి వచ్చేవారు నేటి వరకు సవరించిన వైరింగ్ పటం, రెండు చివరలా నంబర్లు ఉన్న వైర్ల జాబితా, స్టార్టరు వోల్టేజీ నష్టపు అంకె వెంట తీసుకురండి. పటం లేకుండా వస్తే మొదటి రోజంతా వైర్లు వెతకడానికే పోతుంది.