పండగ చందా, దుప్పట్ల చందా

ప్రియ మిత్రమా,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? బెంగళూరు చలిలో ఆమెను పొద్దున్నే బయట తిరగనివ్వకు. ఇక్కడ ధనుర్మాసం మొదలైంది. గుడి మైకు, హరిదాసు చిడతలు, వాకిళ్ల నిండా ముగ్గులు, అన్నీ నీకు తెలిసినవే. కొత్త సంగతి ఒకటుంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈసారి సంక్రాంతి చందాల పని నాకూ రామాలయం వీధి కుర్రాళ్లకూ అప్పగించారు. మొదటి సమావేశంలోనే నేనొక మాట మీద పట్టుబట్టాను. వసూలైన డబ్బులో సగం ముందే పక్కన పెట్టాలి, అది కాలువ కట్ట మీది యానాది కుటుంబాలకు. మిగిలినదానితోనే పండగ. ఇన్నేళ్లూ పండగ ఖర్చులు పోగా మిగిలితే పేదలకు ఇద్దామనేవాళ్లం. సౌండు బాక్సులు, లైట్ల కిరాయిలు కట్టాక ఏనాడైనా మిగిలిందా? ఈ ఏడు వానలకు బకింగ్‌హాం కాలువ నీళ్లు వాళ్ల గుడిసెల్లోకి వచ్చాయి. వలలు పాడయ్యాయి, పిల్లలు తడి నేల మీదే పడుకున్నారు. వాళ్లకు దుప్పట్లు, టార్పాలిన్ పట్టలు కావాలి. వాళ్లను అలా వదిలేసి భోగి మంట చుట్టూ నిలబడడం నాకు చేతకాదు.

చిక్కేమిటంటే, సంక్రాంతికి మన నెల్లూరు వైపు రైతు చేతిలో డబ్బు ఆడదు. గోదావరి జిల్లాల వాళ్లకు పంట ఇంటికొచ్చాక పండగ వస్తుంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. అందుకే పండగ నాటికి చాలా చేలలో ఇంకా నాట్లు, కలుపులే. కోతలంటే మార్చి, ఏప్రిల్ మాట. దమ్ముకూ ఎరువులకూ అప్పు తెచ్చిన మనిషి గడపలో రసీదు పుస్తకం తెరవడం నాకు సబబనిపించలేదు. అందుకని డబ్బు ఇవ్వలేనివాళ్లు కోతలయ్యాక కళ్లంలో పుట్టికి ఐదు కిలోల ధాన్యం ఇచ్చేలా రాసుకున్నాం. మన పుట్టి 850 కిలోలు కదా, అందులో ఐదు ఎవరికీ బరువు కాదు. నెల్లూరు టోకు దుకాణం ఆయన ఆ భరోసా మీదే దుప్పట్లలో కొన్ని అప్పుగా ఇచ్చాడు. మంచి మనిషి.

ఇంకో గొడవ కూడా పడ్డాను. గుడి గోడ మీద చందాదారుల పేర్లు ఎక్కువ ఇచ్చినవాళ్లతో మొదలుపెట్టి రాయడం ఆనవాయితీ. వద్దన్నాను. వీధి వరసలో రాస్తాం, మొత్తాలు పుస్తకంలో ఉంటాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఖర్చు మాత్రం రూపాయితో సహా గోడ మీదే. ఇద్దరు పెద్దలు అలిగారు గానీ తిరిగి వచ్చేశారు.

మీ పెద్దమ్మ ఉత్సాహం నువ్వు చూడాలి! అరిసెలు చేసి అమ్మి ఆ డబ్బు ఇస్తామని ఆడవాళ్లందరినీ కూడగట్టింది. బియ్యం నానబోసి తడి పిండి ఆడించడం కుర్రాళ్ల వంతు. పాకం మాత్రం ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు. ఉండ పాకం ఒక్క క్షణం ముదిరినా అరిసె రాయవుతుందని ఆమె భయం.

ఇక నీ పని. అక్కడున్న మన ఊరివాళ్ల దగ్గర చందా పోగుచెయ్యి. ఒకరే పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా పదిమంది కొంచెం కొంచెం ఇవ్వడమే నాకిష్టం. దుప్పట్లు భోగికి ముందే పంచాలి, కాబట్టి ఆలస్యం చెయ్యకు. సెలవు దొరికితే పెన్నా ఒడ్డున ఏటి పండగ దాకా ఉండేలా రా. అరిసెలు ఎవరికి ఎన్ని కావాలో, నువ్వులద్దినవో గసగసాలవో కూడా అడిగి రాయి. ఆర్టీసీ కార్గోలో పంపుతాం.

ఇట్లు,
నీ మిత్రుడు