పిల్లల ఆటను చూపించకుండానే ఇచ్చిన ధ్రువపత్రం గురించి

శిక్షణ సంస్థ నిర్వాహకులకు,

విషయం: ప్లే థెరపీ శిక్షణలో పర్యవేక్షణ లోపం, రుసుము వాపసు.

అయ్యా / అమ్మా,

నేను హనుమకొండలో పదకొండేళ్లుగా చిన్నపిల్లలకు చదువు చెబుతున్నాను. ఆటల ద్వారా పిల్లల మనసు బాధను తగ్గించే ప్లే థెరపీ నేర్చుకోవాలని, మీ ఆరు నెలల శిక్షణకు 42,000 రూపాయలు కట్టి చేరాను. పోయిన వారం మీరు పంపిన ధ్రువపత్రాన్ని ఈ లేఖతో పాటు తిప్పి పంపుతున్నాను.

నేను పిల్లలతో ఇరవై సార్లు ఆట గదిలో కూర్చుంటానని, ప్రతిసారీ అనుభవమున్న థెరపిస్టు చూసి తప్పొప్పులు చెబుతారని మీ కరపత్రంలో ఉంది. ఒక్కసారి కూడా అలా జరగలేదు. రికార్డు చేసిన వీడియోలు, వాటి చివర సరైన జవాబుకు టిక్కు పెట్టే పరీక్షలు మాత్రమే పెట్టారు.

పాఠాల్లో చెప్పిన విషయం మంచిదే. ప్లే థెరపీకి బాటలు వేసిన అమెరికా సైకాలజిస్టు వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో చెప్పిన ఎనిమిది సూత్రాలను నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. బిడ్డ దారి తీయాలి, మనం వెంట నడవాలి, తొందరపెట్టకూడదు. చదవడానికి ఎంత తేలిక! బిడ్డ ఎదురుగా కూర్చుంటే మాత్రం నోరు ఆగదు. "ఇదేమిటి నాన్నా? భలే కట్టావే!" అంటూ అడగడం, మెచ్చుకోవడం ఇన్నేళ్ల నా ఉద్యోగం. ఆ అలవాటు బయటపడ్డ క్షణంలోనే పట్టుకుని చెప్పే మనిషి కావాలనే మీ దగ్గర చేరాను.

మా తరగతిలో నాలుగేళ్ల బాబు తండ్రి పోయాక మాటలు తగ్గించేశాడు. ఇసుక తొట్టెలో రోజూ ఒకే బొమ్మను పూడ్చి, తీసి, మళ్లీ పూడుస్తాడు. చూస్తూ ఊరుకోవాలా, ఏదైనా అనాలా, వేరే నిపుణుల దగ్గరికి పంపాలా? పేరు చెప్పకుండా మీకు మూడు మెయిళ్లు రాశాను. మూడో దానికి "నాలుగో పాఠం మళ్లీ చూడండి" అని జవాబు వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చివరికి వాళ్లమ్మతో మాట్లాడి, నేనే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాను.

ధ్రువపత్రం మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్లే థెరపిస్టు" అని అచ్చు వేశారు. ఏ ప్రభుత్వ సంస్థ గుర్తించిందని అడిగితే బదులు లేదు. పునరావాస రంగ నిపుణులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్టరులో క్లినికల్ సైకాలజిస్టులకు, ప్రత్యేక ఉపాధ్యాయులకు చోటుంది. ప్లే థెరపిస్టు అనే విభాగమే అందులో లేదు. ఈ కాగితాన్ని గోడకు తగిలిస్తే తల్లిదండ్రులు నమ్మి బిడ్డల్ని తెస్తారు. చేతకాని చేతుల్లో పడ్డానని నాలుగేళ్ల బిడ్డ ఎవరికి చెప్పుకుంటాడు?

30 రోజుల్లో నా రుసుము వాపసు చేయండి. ధ్రువపత్రాల నుంచి ఆ గుర్తింపు మాట తీసేసి, నాతో చదివిన వారందరికీ ఆ సంగతి రాతపూర్వకంగా తెలపండి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. కరపత్రం, రసీదు, మూడు మెయిళ్ల నకళ్లు జతపరిచాను.

ఇట్లు,
మీ దగ్గర శిక్షణకు చేరిన ఒక ఉపాధ్యాయురాలు