గ్రంథాలయం కోసం అమ్మిన తపాలా బిళ్ళలు, నాణేలు: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, దాతలకు, మా దగ్గర బిళ్ళలూ నాణేలూ కొన్న వారందరికీ నమస్కారం.

2024 జూన్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు గ్రంథాలయ కమిటీ చేతికి వచ్చిన ప్రతి రూపాయి, చేతి నుంచి వెళ్ళిన ప్రతి రూపాయి ఈ వివరణలో ఉన్నాయి. ఒక నష్టం కూడా ఉంది. దాన్ని ఎక్కడో అడుగున ఒక్క మాటలో రాసి ఊరుకోకూడదని సభ్యులు ఏడుగురం అనుకున్నాం. అందుకే అంకెల కంటే ఆ సంగతికే ఎక్కువ చోటు ఇచ్చాం.

కొత్తగా చదువుతున్న వారి కోసం పూర్వాపరాలు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర పట్టాల మీదుగా నీరు పారి రైళ్ళు ఆగిపోయిన రోజుల్లో, కోవూరు మండలంలోని మా ఊరి గ్రంథాలయంలో మూడడుగుల నీరు నిలిచింది. కింది అరల పుస్తకాలు ముద్దయిపోయాయి. ఆ తర్వాత రెండున్నరేళ్ళు ఆ గది తాళం తీసినవారు లేరు. చిన్నప్పుడు అక్కడే చదువుకుని, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మా ఊరి పోస్టుమాస్టరు గారు కాలం చేశాక, ఆయన భార్య, పిల్లలు మూడు ట్రంకు పెట్టెలు తెచ్చి మాకు అప్పగించారు. నలభై ఏళ్ళుగా ఆయన పోగుచేసిన స్టాంపులు, నాణేలు, పాత నోట్లు వాటిలో ఉన్నాయి. అమ్మి గ్రంథాలయం తెరిపించమన్నారు. ఒక కాగితం మీద అదే మాట రాసి సంతకాలు చేశారు.

జమ ఇది:

తపాలా బిళ్ళల అమ్మకం: 1,12,450
నాణేల అమ్మకం: 68,300
పాత నోట్ల అమ్మకం: 21,600
మొదటి రోజు కవర్లు (కొత్త బిళ్ళ విడుదలైన రోజు ముద్ర వేసినవి), పోస్టుకార్డులు: 14,150
ఊరిలో 24 మంది ఇచ్చిన విరాళాలు: 31,000
బ్యాంకు వడ్డీ: 1,130
నష్టానికి బదులు సభ్యులు కట్టినది: 6,200
మొత్తం జమ: 2,54,830 రూపాయలు

నాణేల గురించి రెండు మాటలు. వెండి రూపాయలన్నీ ఒకే తూకం ధరకు తీసుకుంటామని ఒక దుకాణదారు ముందుకొచ్చారు. మేము ఒప్పుకోలేదు. 1939 వరకు రూపాయిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి ఉండేది. 1940 నుంచి వెండి సగమే. రెండింటినీ ఒక తక్కెడలో వేయడం అన్యాయం. పైగా సేకర్తలు ఇచ్చే ధర వెండి ధర కాదు. 1780లలో నెల్లూరు దగ్గర దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలి, శిథిలమైన గుడి అడుగున ఒక కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికితే, వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆ పొరపాటు మళ్ళీ ఈ జిల్లాలో మా చేతుల మీదుగా జరగకూడదనుకున్నాం.

ఐదో జార్జి బొమ్మ ఉన్న 17 రూపాయలను మాత్రం అమ్మకానికి పెట్టలేదు. అవి 1911, 1922 మధ్యవి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. మాకు లేదు. అందుకని రశీదు తీసుకుని కుటుంబానికే తిరిగి ఇచ్చాం.

ఇక నష్టం సంగతి.

అమ్మకపు వెబ్‌సైటులో ప్రతి వస్తువు కింద 'ఈ సొమ్ము వరదలో పాడైన గ్రామ గ్రంథాలయానికి' అని రాశాం. నిజమే రాశాం. అయితే ఆ ఒక్క వాక్యం చూసి, కొనేవారితో పాటు అడిగేవారూ మొదలయ్యారు. పది నెలల్లో సేవ పేరుతో మాకు 31 విన్నపాలు వచ్చాయి. కొన్ని కన్నీళ్ళు తెప్పించేవి. అడిగిన వారిని కాదనడం మా ఊరిలో ఎవరికీ అలవాటు లేదు. ఆ అలవాటే జులైలో మమ్మల్ని దెబ్బతీసింది.

ఒక అంధ బాలల ఆశ్రమం తరఫున అంటూ ఒకరు రాశారు. పిల్లలకు దేశచరిత్ర చెప్పడానికి కొన్ని స్టాంపులు, రెండు వెండి రూపాయలు ఉచితంగా పంపమన్నారు. లెటర్‌హెడ్, రిజిస్ట్రేషన్ సంఖ్య, పిల్లల ఫొటోలు, అన్నీ ఉన్నాయి. వారు కోరినవి ఏవంటే, 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీజీ వరుసలో ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండు అణాల బిళ్ళలు. అవి కూడా ముద్ర పడనివి, వెనుక జిగురు చెదరనివే కావాలన్నారు. రూపాయల్లో 1940కి ముందువే కావాలన్నారు. మేము మనసు కరిగి, 120 రూపాయలు పెట్టి స్పీడ్ పోస్టులో పంపాం. పద్దెనిమిది రోజుల తర్వాత అదే వెబ్‌సైటులో ఇంకో అమ్మకందారు పేరుతో ఆ మూడు బిళ్ళలూ కనిపించాయి. పన్నెండు అణాల బిళ్ళకు కుడి పై మూలన అంచు పళ్ళలో ఒకటి విరిగి ఉంటుంది, దాని కింద ఆవగింజంత తుప్పు మచ్చ ఉంటుంది. పోస్టుమాస్టరు గారి అబ్బాయి ఫొటో చూడగానే గుర్తుపట్టారు. ఆ సాయంత్రం ఆయన మాతో మాట్లాడకుండా కూర్చున్న తీరు మాకు ఇంకా గుర్తుంది.

జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేశాం. వెబ్‌సైటు వారికీ రాశాం. ఆ ప్రకటన తొలగింది, వస్తువులు తిరిగి రాలేదు. వాటి విలువ 6,080, పోస్టు ఖర్చు 120, కలిపి 6,200. ఏడుగురు సభ్యులం పంచుకుని ఆ మొత్తం కట్టాం. అది మా సొంత సొమ్మయితే ఒక జాలి పనిలో పోయిందని సరిపెట్టుకునేవాళ్ళం. ఒకరు నలభై ఏళ్ళు దాచి, ఊరి పిల్లలకు ఇచ్చినది మేము పరిశీలించకుండా పోగొట్టాం. దానికి ఊరి ముందు క్షమాపణ చెబుతున్నాం.

ఆ ఉత్తరాన్ని ఇప్పుడు మళ్ళీ చదివితే తప్పు ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది. చూపు లేని పిల్లలకు తాకి తెలుసుకోవడానికి నాణెం పనికొస్తుంది, నిజమే. బిళ్ళ వెనుక జిగురు చెదరకపోవడం వారికి ఎందుకు? ఆ మాట అంగడిలో ధర తెలిసినవాడి మాట. పిల్లలకు కావలసినది అడిగేవారు వస్తువు పేరు చెబుతారు, ధర పెంచే లక్షణాలు చెప్పరు. ఆనాటి నుంచి మేము విన్నపం చదివేటప్పుడు మొదట చూసేది ఇదే: అడిగినది చెప్పిన అవసరానికి సరిపోతుందా, లేక మార్కెట్టుకు సరిపోతుందా?

ఆ ఉత్తరంలోనే మరో అబద్ధం ఉంది, మాకు అప్పుడు తెలియలేదు. పంపిన వస్తువుల విలువకు ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద రశీదు ఇస్తామన్నారు. ఆ సెక్షన్ కింద అప్పట్లో పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. వస్తువులకు లేదు. నగదు కూడా 2,000 దాటితే వర్తించదు. మా కోశాధికారి గారు తర్వాత ఈ నిబంధన చూపించినప్పుడు, ముందే ఆమెకు ఉత్తరం చూపనందుకు కార్యదర్శిగా నేను బాధపడ్డాను. ఇప్పుడు ఆమె చూడకుండా ఏ వస్తువూ పోస్టాఫీసు దాటదు.

స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు దర్పణ్ పోర్టల్ సంఖ్య చూపించి నమ్మించబోయిన వారూ ఉన్నారు. ఆ సంఖ్య సంస్థ అక్కడ పేరు నమోదు చేసుకుందని చెబుతుంది. మంచి పని చేస్తోందని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు. అదీగాక ఒక సంస్థ సంఖ్యను ఇంకొకరు వాడుకుంటే మనకు ఎలా తెలుస్తుంది? సంఖ్య కంటే బ్యాంకు ఖాతా పేరు ఎక్కువ చెబుతుందని మా అనుభవం. ట్రస్టు పేరుతో అడిగి, ఒక వ్యక్తి ఖాతా ఇచ్చిన విన్నపాలు మాకు తొమ్మిది వచ్చాయి. సంస్థ పేరున ఉన్న ఖాతా వివరాలు పంపమంటే తొమ్మిది మందీ మౌనం వహించారు.

అక్టోబరులో ఒకరు 3,500 రూపాయల పాత నోట్లు కొంటామన్నారు. కొద్దిసేపటికే ఫోను. తమ ట్రస్టు గుమాస్తా పొరపాటున 35,000 పంపాడని, మిగిలిన 31,500 వెంటనే ఒక పాప ఆపరేషన్ ఖాతాకు పంపమని, ఆలస్యమైతే ప్రాణం పోతుందని చెప్పారు. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ కూడా వచ్చింది. కోశాధికారి గారు నెల్లూరులో ఉన్నారు, బ్యాంకుకు వెళ్ళి ఖాతా చూపించుకున్నారు. ఒక్క రూపాయి రాలేదు. 'సొమ్ము పడిందని మన బ్యాంకు చెప్పాలి, అవతలివాళ్ళ ఫోనులో బొమ్మ కాదు' అని ఆమె అన్న మాట అప్పటి నుంచి మా రశీదు పుస్తకం అట్ట లోపల రాసి ఉంది. ఆ రోజు నష్టం ఏమీ జరగలేదు.

కొందరు శుభంగా భావించే 786 చివరి అంకెలుగా ఉన్న నోటు ఒకటి మా దగ్గర ఉంది. దాని కోసం రిజర్వు బ్యాంకు పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. లక్షలు ఇస్తారట, ముందుగా అనుమతి రుసుము 2,150 కట్టాలట, అందులో సగం సైనిక కుటుంబాల సంక్షేమానికి వెళ్తుందట. తాము పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడం చేయమని, వాటికి రుసుములు అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ఉత్తరాన్ని ఫిర్యాదుకు జతచేశాం. ఊరిలో ఎవరికైనా ఇలాంటివి వస్తే దయచేసి కట్టకండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ సొమ్మును మధ్యలో ఆపడం కష్టమవుతుంది. డబ్బు మీకు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి పోతున్నట్టే.

ఈ అనుభవాలన్నీ మమ్మల్ని కటువుగా మార్చాయి. ఆ కటుత్వం ఒక మంచి మనిషికి తగిలింది. ప్రకాశం జిల్లాలోని ఒక ప్రత్యేక పాఠశాల టీచరమ్మ జనవరిలో రాశారు. ముద్ర పడినవైనా, చిరిగినవైనా సరే, ఎన్ని ఉంటే అన్ని పంపమన్నారు. పిల్లలు రంగులను బట్టి, పక్షులు, రైళ్ళు, పూలు అని బొమ్మలను బట్టి ఏరి అతికిస్తారట. మేము పోలీసుల్లా ప్రశ్నలు వేశాం. ఆమె ఓర్పుతో అన్నిటికీ జవాబిచ్చి, 'ఒకసారి వచ్చి చూడండమ్మా' అని మా సభ్యురాలితో అన్నారు. ఒంగోలు బస్సు ఎక్కి మా సభ్యురాలు వెళ్ళారు. పాఠశాల ఉంది, పిల్లలున్నారు, గోడకు అట్ట మీద అతికించిన పాత బిళ్ళలున్నాయి. కుటుంబం అనుమతితో 1,100 మామూలు బిళ్ళలు ఇచ్చాం. వాటికి అమ్మకపు విలువ దాదాపు లేదు కాబట్టి లెక్కలో చూపలేదు, ఇచ్చినట్టు టీచరమ్మ సంతకం మాత్రం ఫైల్లో ఉంది.

మమ్మల్ని అనుమానించిన వారూ ఉన్నారు, అది న్యాయమే. విజయవాడ నుంచి ఒక కొనుగోలుదారు 'గ్రంథాలయం నిజంగా ఉందా?' అని అడిగారు. ఆ రోజు మా దగ్గర మాట తప్ప చూపించడానికి ఏమీ లేదు. ఆయన కొనలేదు. ఆ వారంలోనే కమిటీ పేరుతో ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరిచాం, కుటుంబం ఇచ్చిన కాగితం, గది ఫొటోలు ప్రతి ప్రకటనకూ జతచేశాం. తర్వాత ఆయనే 4,300 రూపాయల కవర్లు కొన్నారు.

మా ఊరి నుంచి వెళ్ళి విదేశీ పౌరసత్వం తీసుకున్న ఒక అన్నగారు 25,000 విరాళం పంపుతామన్నారు. భారత పౌరసత్వం ఉన్నవారు పంపితే వేరు. ఆయనది విదేశీ విరాళం కిందకు వస్తుంది, దానికి అవసరమైన రిజిస్ట్రేషన్ మాకు లేదు. తీసుకోలేకపోయాం. ఆయన అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలు.

ఖర్చు:

గోడల మరమ్మతు, రంగులు: 72,000
పుస్తకాలు: 61,350
ఇనుప అలమరలు 4: 46,800
బల్లలు, కుర్చీలు: 28,500
పోస్టు ఖర్చులు, ప్యాకింగ్: 13,740
అమ్మకపు వెబ్‌సైటు రుసుము: 9,360
ప్రయాణాలు: 1,850
రశీదు పుస్తకాలు, జిరాక్సు: 1,480
మొత్తం ఖర్చు: 2,35,080 రూపాయలు

ప్రయాణాల్లో 1,310 నాణేల ధర తెలుసుకోవడానికి రెండుసార్లు చెన్నై వెళ్ళినందుకు, 540 పైన చెప్పిన పాఠశాలకు. అలమరల అడుగు అర నేల నుంచి రెండడుగుల ఎత్తున పెట్టించాం. మళ్ళీ మూడడుగుల నీరు వస్తే అదీ చాలదు. అందుకే పిల్లల పుస్తకాలన్నీ పై మూడు అరల్లోనే సర్దాం.

నిల్వ 19,750 రూపాయలు. అందులో 19,210 బ్యాంకులో, 540 కోశాధికారి గారి దగ్గర నగదు.

అమ్మకుండా మిగిలినవి అర పెట్టె బిళ్ళలు, ఆ 786 నోటు. వాటిని అమ్మాలా, గ్రంథాలయంలోనే అద్దం పెట్టెలో ఉంచాలా అన్నది కుటుంబం ఊరి నిర్ణయానికే వదిలింది. ఓచర్ల ఫైలు, బ్యాంకు పుస్తకం గ్రంథాలయం బల్ల మీద రోజూ సాయంత్రం 5 నుంచి 7 వరకు ఉంటాయి. అంకెల్లో తేడా కనిపించినవారు అక్కడే ఉన్న నోటు పుస్తకంలో రాయండి, వారంలోగా జవాబు రాస్తాం.

కార్యదర్శి, కమిటీ సభ్యుల తరఫున