మా అమ్మ ముగ్గుల పుస్తకాలను బతికించినవాళ్లకు

విజయవాడ సింగ్‌నగర్ వరదలో తడిసిపోయిన మా అమ్మ ముగ్గుల పుస్తకాలు ఈ వారం బైండింగ్ అయి ఇంటికొచ్చాయి. అందుకు కారణమైనవాళ్లకు నలుగురి ముందూ నమస్కారం చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి రాగానే పై వాటా అక్కా, బావగారూ కిందికొచ్చి అమ్మను చేతుల మీద పైకి తీసుకెళ్లారు. నీళ్లు తీసేదాకా మమ్మల్ని తమ గదుల్లోనే ఉంచుకున్నారు. పడవల్లో పాలు, మంచినీళ్లు తెచ్చినవాళ్లకు, తర్వాత ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగినవాళ్లకు అప్పుడే చేతులు పట్టుకుని చెప్పాను. మళ్లీ చెబుతున్నాను, మీ రుణం తీరేది కాదు.

బురదలోంచి బీరువా తీశాక అందులో అమ్మ నోటుబుక్కులు ముద్దగా అతుక్కుపోయి కనిపించాయి. అవి అమ్మ పెళ్లైన కొత్తల్లో మొదలుపెట్టినవి. "15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేవరకు" అని పక్కన లెక్క, కొన్నిచోట్ల "పాప పుట్టిన ఏడు" అని గుర్తు. చాలా ముగ్గులు సొంతంగా కట్టినవే. చీర అంచు నచ్చినా, బందరు రోడ్డులో ఏ షాపు కిటికీ గ్రిల్లు నచ్చినా ఇంటికొచ్చి దాన్ని చుక్కల్లోకి దించేది.

ఫోన్ చేసిన చుట్టాలందరూ "ప్రాణాలు దక్కాయి, అది చాలదా" అన్నారు. ప్రేమతోనే అన్నారు, నిజమే అన్నారు. అమ్మ తలూపింది కానీ ఆ ముద్దను ఒళ్లోంచి దించలేదు. పై వాటా అక్క మాత్రం ఆ మాట అనలేదు. పక్కన కూర్చుని, "పిన్నిగారూ, ఏది ముందు ఆరబెడదాం?" అని అడిగింది. అమ్మ బాధ పెద్దదా చిన్నదా అని కొలవకుండా, ఆ బాధ ఉన్నచోటికే వచ్చింది. ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడమంటే నాకు అప్పటినుంచీ ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

అక్కవాళ్ల అబ్బాయి తన రికార్డులు బైండింగ్ చేయించిన ఏలూరు రోడ్డు పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు. ఆయన తన షాపు పని ఆపుకుని వచ్చారు. "పేజీలు బలవంతంగా విప్పకండమ్మా, ఎండలో పెట్టకండి" అన్నారు. పుస్తకం మూసే ఉంచి మంచినీళ్లలో మెల్లగా బురద వదిలించారు. పాత దినపత్రికలు పెడితే అచ్చు సిరా అంటుతుందని, ప్రింటు లేని తెల్ల కాగితాలు తనే తెచ్చి పేజీల మధ్య పెట్టడం చూపించారు. నీడలో, ఫ్యాను గాలికి, కాగితాలు తడిసినప్పుడల్లా మార్చుకుంటూ ఆరబెట్టాం. అమ్మ గీతలన్నీ బాల్‌పెన్నువి కావడం మా అదృష్టం. ఆ సిరా నూనెతో చేసింది కాబట్టి నిలబడింది. స్కెచ్ పెన్ రంగులు మాత్రం కారిపోయాయి.

ఆయన రోజూ పెద్ద పెద్ద లెడ్జర్లు, గ్రంథాలు కుట్టే మనిషి. ఎక్కడా అచ్చు కాని, ఎవరూ మెచ్చుకోని ఒక ఇల్లాలి నోటుబుక్కుకు కూడా అంతే శ్రద్ధగా దారంతో కుట్టు వేసి, కాలికో అనే బైండింగ్ గుడ్డ అతికి ఇచ్చారు. మా ఇంట్లో మేమే అమ్మ ముగ్గులను ఇంత గౌరవంగా చూడటం ఆ తర్వాతే మొదలైంది. ఆ మార్పుకు కూడా ఆయనకే దణ్ణం.

అమ్మ ఇప్పుడు పోయిన భాగాలు మళ్లీ గీస్తోంది. కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. నెమలి రంగు కారి ఊదా మరకైన చోట చుట్టూ చుక్కలు పెట్టి తామరపువ్వు చేసింది. నాకైతే పాతదానికన్నా ఇదే నచ్చింది.

వీధి చివర ఇంట్లో పిల్లాడి సర్టిఫికెట్లు తడిశాయని తెలిసి, మిగిలిన తెల్ల కాగితాలిచ్చి అమ్మే నన్ను పంపింది. వెళ్లి ఓదార్పు మాటలేమీ వెతుక్కోలేదు. "ఏది ముందు తీద్దాం?" అని అడిగాను, పనిలో పడ్డాం.

ధనుర్మాసం దగ్గరకొచ్చింది. అమ్మ ముగ్గులన్నీ జిరాక్స్ తీయించాను. వరదలో తమ పుస్తకాలు పోయిన ఆడపడుచులు ఎవరైనా సరే అడగండి, ఒక సెట్టు ఇస్తాను. లెక్క అర్థం కాకపోతే సాయంత్రం పూట రండి, అమ్మ అరుగు మీదే ఉంటుంది, దగ్గర కూర్చోబెట్టుకుని వేయిస్తుంది.